పిల్లలు దక్కారు, తల్లులు ఎందుకు దక్కలేదు? రెండు యుద్ధాల మధ్య ఇంగ్లండ్, వేల్స్‌లో పురిటి సేవలు

వేల్స్‌వాణి:
అందరికీ నమస్కారం. నేను దక్షిణ వేల్స్‌లో హెల్త్ విజిటర్‌గా చేస్తున్నాను. పురుడైన ఇళ్ళకు వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసి రావడం నా ఉద్యోగం. మా ఆఫీసులో ఈ ఉద్యోగం చరిత్ర మీద చిన్న ఎగ్జిబిషన్ పెడుతున్నారు. అందులో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం నా వాటాకి వచ్చింది. చదువుతుంటే ఒక చిక్కుముడి తగిలింది. తెలిసినవాళ్ళు విప్పిపెట్టండి.

ఇంగ్లండ్, వేల్స్ కలిపి చూస్తే, 1920లో వెయ్యి మంది పిల్లలు పుడితే 80 మంది ఏడాది నిండకముందే పోయేవాళ్ళు. 1930కి అది 60 అయింది, 1939కి 51. బాగానే తగ్గింది కదా. ఇప్పుడు కాన్పు వల్ల పోయిన తల్లుల లెక్క చూడండి. 1920లో వెయ్యి కాన్పులకు నాలుగుకి పైన. 1930లోనూ నాలుగుకి పైనే. 1934లో కూడా అంతే. ఇన్ని క్లినిక్కులు పెట్టారు, కమిటీలు వేశారు, మాలాంటివాళ్ళని వీధి వీధీ తిప్పారు. అదే ఇంట్లో, అదే మంచం మీద ఉన్న తల్లికి మాత్రం ఎందుకు ఒరగలేదు?

పాతకాగితం:
వాణి గారూ, ముందు చట్టాల సంగతి చూద్దాం. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

1907లో జననాల నోటిఫికేషన్ చట్టం వచ్చింది. బిడ్డ పుట్టిన 36 గంటల్లో ఆ ఊరి మెడికల్ ఆఫీసర్‌కి కబురు చేరాలి. మొదట్లో ఇష్టమున్న ఊళ్ళే అమలు చేసుకునేవి. 1915లో అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. ఆ కబురు అందితేనే కదా హెల్త్ విజిటర్‌కి ఏ తలుపు తట్టాలో తెలిసేది.

దీనికి ముందే హడర్స్‌ఫీల్డ్ మేయర్ బెంజమిన్ బ్రాడ్‌బెంట్ ఒక తమాషా పని చేశాడు. 1904లో పదవిలోకి రాగానే, తన హయాంలో లాంగ్‌వుడ్ పేటలో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి పుట్టినరోజున ఒక పౌను ఇస్తానన్నాడు. తల్లి చేతిలో ప్రామిసరీ నోటు లాంటి కార్డు పెట్టేవాళ్ళు. బిడ్డ ఏడాది బతికితే అది చెల్లుతుంది. నాకు ఆ కాలం మనస్తత్వం మొత్తం ఆ కార్డులోనే కనిపిస్తుంది. బిడ్డ బతకడానికి బహుమతి ఉంది. తల్లి బతకడం ఎవరి లెక్కలోనూ లేదు.

ఇక 1918 ఆగస్టు చట్టం. దీన్నే మెటర్నిటీ అండ్ చైల్డ్ వెల్ఫేర్ చట్టం అంటారు. కౌన్సిల్, అంటే ఆ ఊరి పాలక సంస్థ, ఒక కమిటీ వేయాలి, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. కాన్పుకి ముందు పరీక్షలు, శిశు కేంద్రాలు, చౌకగా పాలు, ప్రసూతి గృహాలు, బాలింత ఇంట్లో పని చేసిపెట్టే మనిషి, ఇవన్నీ పెట్టుకునే అధికారం ఇచ్చింది కానీ పెట్టి తీరాలని చెప్పలేదు. ఖర్చులో సగం లండన్ గ్రాంటు, మిగతా సగం ఊరి పన్నుల్లోంచి రావాలి. పన్ను బాగా వసూలయ్యే ఊళ్ళో క్లినిక్కు వెలిసింది. గనులు మూతపడి పన్ను రాని ఊళ్ళో వట్టి కమిటీ మిగిలింది. 1929 లోకల్ గవర్నమెంట్ చట్టంతో ఆ సగం గ్రాంటు పద్ధతి కూడా పోయి గంపగుత్తగా ఇంత అని ఇవ్వడం మొదలైంది.

డబ్బు లేని చోట కూడా పట్టుదల ఉంటే కొంత జరిగింది లెండి. లండన్‌లో బెర్మాండ్సీ పేదల బరో, అంటే సొంత కౌన్సిల్ ఉన్న నగర భాగం. డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ సాల్టర్, ఆయన భార్య ఎడా సాల్టర్ అక్కడి రాజకీయాలకు వెన్నెముక. ఆ బరో ఆరోగ్య శాఖవాళ్ళు సొంతంగా సినిమాలు తీసి, వ్యాన్ మీద తీసుకొచ్చి వీధుల్లో వేసేవాళ్ళు.

బెజవాడ బుజ్జి:
కాగితం గారూ, శిశు కేంద్రాలు, చౌక పాలు, సినిమాలు బాగానే ఉన్నాయి. అసలు పురుడు ఎవరు పోసేవాళ్ళు? ఊరికో పెద్దాసుపత్రి ఉండేది కాదా అక్కడ?

గోదారి డాక్టరమ్మ:
బుజ్జీ, అసలు మెలిక అదే. ఎక్కువ కాన్పులు ఇళ్ళలోనే అయ్యేవి. నేను ముప్పై ఏళ్ళకు పైగా కాకినాడ చుట్టుపక్కల పురుళ్ళు పోసిన మనిషిని కాబట్టి ఈ భాగం నాకు వదిలేయండి.

అక్కడా మన మంత్రసానుల్లాంటి వాళ్ళు ఉండేవాళ్ళు. పురుడు పోస్తారు, బట్టలు ఉతుకుతారు, వంట కూడా చేసిపెడతారు. 1902 మిడ్‌వైవ్స్ చట్టంతో సెంట్రల్ మిడ్‌వైవ్స్ బోర్డు వచ్చింది. సర్టిఫికెట్ లేకుండా, డాక్టర్ అజమాయిషీ లేకుండా, డబ్బు తీసుకుని అదే వృత్తిగా పురుళ్ళు పోయడం 1910 నుంచి నేరం. సర్టిఫికెట్ ఉన్న మిడ్‌వైఫ్ మీద మాత్రం నిబంధనలే నిబంధనలు. సంచిలో ఏమేం ఉండాలో కూడా రాసిపెట్టారు. థర్మామీటరు, కత్తెర, కెథీటరు, గోళ్ళు తోముకునే బ్రష్షు, క్రిమినాశిని ఉండాలి. వేసుకునే గౌను ఉతికితే శుభ్రపడే గుడ్డ అయ్యుండాలి. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిందంటే సంచి తెరిచి చూస్తుంది, రిజిస్టరు తిప్పి చూస్తుంది, ఇల్లు కూడా చూస్తుంది.

కాన్పు కష్టమైతే డాక్టర్‌ని పిలవాలి. మొదట్లో ఫీజు ఎవరిస్తారో తేలక డాక్టర్లు కదిలేవాళ్ళు కాదు. 1918లో ఇంకో మిడ్‌వైవ్స్ చట్టం వచ్చి, మిడ్‌వైఫ్ పిలిచిన డాక్టర్‌కి ఫీజు ముందు కౌన్సిల్ కట్టేలా చేసింది.

ఇంతా చేసి ఆ వచ్చిన డాక్టర్ ఎవరు? ఊళ్ళో జనరల్ ప్రాక్టీషనర్. చదువుకునేటప్పుడు నాలుగు కాన్పులు చూసి బయటపడినవాడు. పొద్దున ఒకరి చీముగడ్డ కోసి ఉంటాడు, మధ్యాహ్నం స్కార్లెట్ ఫీవర్ అనే అంటుజ్వరం ఉన్న పిల్లని చూసి ఉంటాడు. సాయంత్రం అదే కోటుతో పురిటి గదిలోకి వస్తాడు. బయట ఇంకా పేషెంట్లు ఎదురుచూస్తుంటారు. నొప్పులు నెమ్మదిగా వస్తుంటే ఓపిక పట్టడం ఎందుకని ఫోర్‌సెప్స్, అంటే బిడ్డ తలని పట్టుకునే పటకారు, పెట్టి లాగేస్తాడు. మూడో రోజుకి ఆమెకి చలిజ్వరం. అదే బాలింత జ్వరం. ఆ కాలపు తల్లుల మరణాల్లో మూడో వంతుకి పైగా దాని వల్లే. మిగతావి రక్తస్రావం, గుర్రపువాతం, గర్భస్రావాల తాలూకు సెప్టిక్ కేసులు.

1930ల మొదట్లో వర్గాల వారీగా లెక్క తీస్తే, కూలీల భార్యలకంటే పై వర్గాల ఆడవాళ్ళలో మరణాల రేటు కాస్త ఎక్కువే ఉంది. డబ్బున్నవాళ్ళు డాక్టర్‌ని పెట్టుకున్నారు. లేనివాళ్ళు మిడ్‌వైఫ్‌తో సరిపెట్టుకున్నారు. అందుకే నా అభిప్రాయం ఇది. శిశు సంక్షేమం అంటూ కౌన్సిళ్ళు పెట్టిన ఖర్చంతా కాన్పుకి ముందూ, కాన్పు తర్వాతా. కాన్పు జరిగే ఆ గదిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

లెక్కలమాస్టారు:
డాక్టరమ్మ గారు చెప్పింది ప్రభుత్వానికి తెలియకపోలేదు. ఆరోగ్య శాఖలో తల్లీబిడ్డల విభాగం చూసిన డాక్టర్ జానెట్ క్యాంప్‌బెల్ 1924లోనే తల్లుల మరణాల మీద రిపోర్టు ఇచ్చింది. 1928లో దీనికోసమే ప్రత్యేకంగా ఒక కమిటీ వేశారు. చావు చావునీ విడివిడిగా విచారించి 1930లో వాళ్ళు చెప్పిందేమిటంటే, పరిశీలించిన మరణాల్లో దాదాపు సగం తప్పించగలిగినవే. వాణి గారూ, మీ ఎగ్జిబిషన్‌లో ఈ ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో పెట్టండి.

కానీ వర్గాల లెక్క మీద ఎక్కువ బరువు వేయకండి. పై వర్గంలో పెళ్ళిళ్ళు ఆలస్యం, తొలి కాన్పులు ఎక్కువ. తొలి కాన్పుకి ప్రమాదం ఎలాగూ ఎక్కువే. డాక్టర్ల చేతులు మాత్రమే కారణమని తేల్చేయడానికి ఆ అంకెలు చాలవు.

గోదారి డాక్టరమ్మ:
మాస్టారూ, తొలి కాన్పు ప్రమాదం నాకు తెలియనిదా? కూలీ ఇంటి తిండి, కూలీ ఇంటి చలి, కూలీ ఇంటి ఎడతెగని కాన్పులు కూడా కలిపి చూడండి. ఇవన్నీ ఉండి కూడా ఆమె దొరసాని కంటే హీనంగా లేదంటే పురిటి గదిలో ఏదో జరుగుతున్నట్టే. డోరా కోల్‌బ్రూక్ అనే డాక్టర్ 1935లో నిరూపించింది కూడా. బాలింత జ్వరానికి కారణమైన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చాలాసార్లు పురుడు పోసినవాళ్ళ ముక్కులోంచి, గొంతులోంచే వస్తోందని. ముక్కుకి మాస్క్ ఎందుకమ్మా అని అడిగే హౌస్ సర్జన్లకి నేను ఈమె కథే చెప్పేదాన్ని.

బెజవాడ బుజ్జి:
అయితే కాన్పుకి ముందు క్లినిక్కులు పెట్టారు కదా, వాటితో లాభం లేకపోయిందా?

పాతకాగితం:
ఉంది, కొంత. మూత్రం పరీక్ష చేసి, కటి కొలిచి, రాసుకునేవాళ్ళు. కానీ క్లినిక్కులో చూసే డాక్టర్ వేరు, పురుడు పోసే మిడ్‌వైఫ్ వేరు, కష్టమైతే పరిగెత్తుకొచ్చే డాక్టర్ వేరు. ఆ రాసుకున్న కాగితం క్లినిక్కు బీరువాలోనే ఉండిపోయేది. మన ఆధార్ కార్డు జిరాక్సుల గతి అన్నమాట.

వేల్స్‌వాణి:
అందరికీ థాంక్స్. డాక్టరమ్మ గారు చెప్పినదాంట్లో నాకు ఒకటి ఒప్పుకోబుద్ధి కావడం లేదు. నేను పనిచేసేది రోండా లోయకి దగ్గర్లోనే. పూర్తిగా బొగ్గు గనుల మీద బతికిన ప్రాంతం. 1930ల్లో గనులు దెబ్బతిని ఇంటికి ఇంటికీ నిరుద్యోగం. ఉన్న తిండి ముందు మొగుడికి, తర్వాత పిల్లలకి, మిగిలితే తల్లికి. ఇది నేను చూసినవాళ్ళ అమ్మమ్మల దగ్గర విన్న మాట.

1934లో రోండాలో తల్లుల మరణాల రేటు వెయ్యికి 11 దాటింది. దేశం సగటుకి రెండున్నర రెట్లు. అప్పుడు నేషనల్ బర్త్‌డే ట్రస్ట్ ఫండ్ అనే సంస్థ గర్భిణులకు తిండి పంచింది. పాలు, ఓవల్టీన్, మార్మైట్ లాంటివి. 1935లో రేటు 5 లోపుకి దిగింది. అంతకుముందు వైద్య సేవలు పెంచినా తగ్గనిది, తిండి పెట్టాక తగ్గిందని ట్రస్టువాళ్ళు చెప్పుకున్నారు. మరి ఆకలి సంగతేంటి?

లెక్కలమాస్టారు:
వాణి గారూ, జాగ్రత్త. ఒక్క లోయలో ఒక్క ఏడాదిలో పోయిన తల్లుల సంఖ్య చిన్నది. పదిమంది అటూ ఇటూ అయితే రేటు ఎగిరి దూకుతుంది. బాగా చెడ్డ ఏడాదిని పట్టుకుని తర్వాతి ఏడాదితో పోలిస్తే ఏ మందు ఇచ్చినా పనిచేసినట్టే కనిపిస్తుంది. పైగా ఎవరికి తిండి ఇవ్వాలో చీటీ వేసి ఎంపిక చేయలేదు. ఆకలి బిడ్డలతల్లిని బలహీనం చేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ స్ట్రెప్టోకాకస్‌ని ఓవల్టీన్ ఆపలేదు.

సుబ్బలక్ష్మి గుంటూరు:
మార్మైట్ అంటే ఆ నల్లగా జిగురుగా ఉండే ఈస్ట్ ముద్దేనా? మా అబ్బాయి లండన్ నుంచి తెచ్చాడు. నోట్లో పెట్టుకోలేకపోయాం. దాన్ని కడుపుతో ఉన్నవాళ్ళ చేత తినిపించారా పాపం!

గోదారి డాక్టరమ్మ:
లక్ష్మి గారూ, ఆ నల్ల ముద్దకి మనకీ దగ్గరి సంబంధమే ఉంది, చెప్తా వినండి.

లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ 1928లో బొంబాయి వచ్చింది. పిలిచింది మార్గరెట్ బాల్ఫర్. ఇండియాలో తల్లుల మరణాల మీద విచారణ నడిపిస్తున్నావిడ. గర్భిణుల్లో వచ్చే ఒకరకం భయంకరమైన రక్తహీనత ఎందుకొస్తోందో తేల్చడం విల్స్ పని. ఇనుము ఇచ్చినా లొంగని రకం అది. బొంబాయి మిల్లు కూలీల ఇళ్ళకు వెళ్ళి ఎవరేం తింటున్నారో రాసుకుంది. మొదట సూక్ష్మజీవులేమో అనుకుని వెతికింది, దొరకలేదు. ఎలుకలకీ, కోతులకీ అలాంటి నాసిరకం తిండే పెట్టి చూసింది. జబ్బుపడిన కోతికి మార్మైట్ పెడితే కోలుకుంది. అప్పుడు ఆడవాళ్ళకిచ్చింది. కొద్ది రోజుల్లోనే రక్తం పుంజుకుంది. 1931లో ఆ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. అదే ఏడాది మద్రాసు వచ్చి ట్రిప్లికేన్ క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో పనిచేసింది. ఇప్పటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అదే. మార్మైట్‌లో ఉన్న ఆ పదార్థమేమిటో ఆమెకి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల్లోంచి దాన్ని తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. మన పీహెచ్‌సీలో ఐరన్‌తో పాటు ఇచ్చే మాత్రలో ఉండేది అదే.

కాబట్టి వాణీ, తిండికి విలువ లేదని నేననను. రక్తం లేని మనిషికి కాస్త రక్తస్రావమైనా ప్రాణం మీదకి వస్తుంది. కానీ రోండాలో దేనివల్ల తగ్గిందంటే మాత్రం మాస్టారి పక్షమే.

సుబ్బలక్ష్మి గుంటూరు:
ఆహా! ఇంత కథ ఉందా దీని వెనక! మా నాయనమ్మకి ముగ్గురు పిల్లలు ఇంట్లోనే, చీకటి గదిలో, కుంపటి పొగలో పుట్టారు. నాలుగో కాన్పు మాత్రం మా తాతయ్య పంతం పట్టి కుగ్లర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. అన్నా కుగ్లర్ దొరసాని 1883లో గుంటూరు వచ్చి 1930లో ఆ ఊళ్ళోనే కన్నుమూసింది. ఆ ఆసుపత్రి ఆవిడ పేరుతోనే నిలిచింది. ఇంకో సంగతి. మద్రాసు నుంచి వచ్చే గృహలక్ష్మి పత్రిక మా ఇంట్లో తెప్పించేవాళ్ళట. దాన్ని 1928లో పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి గారే ఆడవాళ్ళ కోసం లోధ్ర మందు చేసి అమ్మారు. బాలింతకి లోధ్ర, బిడ్డకి గ్రైప్ వాటర్. మాకు తెలిసిన మాతా శిశు సంక్షేమం అంతవరకే. అప్పట్లో మనకీ ఇలాంటి చట్టాలు ఉన్నాయా?

పాతకాగితం:
క్లుప్తంగా చెప్తాను, లేకపోతే దారం ఎటో పోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మిడ్‌వైఫుల చట్టం 1926లో వచ్చింది. ఇంగ్లండ్‌కి పాతికేళ్ళు వెనక. తేడా చట్టంలో కాదు, మనుషుల లెక్కలో ఉంది. మన దేశ ఆరోగ్య సేవల్ని పరిశీలించిన భోర్ కమిటీ అంకెల్లో 1937 నాటి శిశు మరణాలు వెయ్యికి బ్రిటిష్ ఇండియాలో 162, ఇంగ్లండ్, వేల్స్‌లో 58, న్యూజిలాండ్‌లో 31. అదే కమిటీ లెక్క ప్రకారం మొత్తం బ్రిటిష్ ఇండియాకి ఉన్న హెల్త్ విజిటర్లు సుమారు 750 మంది, శిక్షణ ఉన్న మిడ్‌వైఫులు ఐదు వేలు. వాణి గారు చెప్పిన "వీధి వీధీ తిప్పడం" మనకి ఊహకందని మాట.

నిర్వాహకులు:
లోధ్ర, గ్రైప్ వాటర్ ఇప్పుడు వాడొచ్చా అని మూడు ప్రశ్నలు వచ్చాయి, తీసేశాం. వైద్య సలహాలకు ఇది చోటు కాదు. చర్చ కొనసాగించండి.

బెజవాడ బుజ్జి:
ఒక డౌటు. డాక్టరమ్మ గారు గర్భస్రావాల సెప్టిక్ కేసులు అన్నారు. ఈ సంక్షేమ కేంద్రాల్లో పిల్లలు పుట్టకుండా సలహా ఇచ్చేవాళ్ళు కాదా? కాన్పులు తగ్గితే చావులూ తగ్గేవి కదా.

పాతకాగితం:
ఇస్తే ఉద్యోగం ఊడేది. లండన్ దగ్గరి ఎడ్‌మంటన్‌లో ఎలిజబెత్ డేనియల్స్ అనే హెల్త్ విజిటర్‌ని, కుటుంబ నియంత్రణ సలహా ఎక్కడ దొరుకుతుందో తల్లులకు చెప్పినందుకు 1922 చివర్లో పనిలోంచి తీసేశారు. ఆరోగ్య శాఖ మెత్తబడింది 1930 జూలైలో. అదీ పెళ్ళయినవాళ్ళకు, మళ్ళీ గర్భం వస్తే ఆరోగ్యానికి ముప్పు అన్న పరిస్థితిలోనే. అది కూడా కౌన్సిల్ ఇష్టం మీదే. ఆ సర్క్యులర్‌ని పెద్దగా ప్రచారం కూడా చేయలేదు.

వేల్స్‌వాణి:
మా ఉద్యోగంలో ఇవాళ ఆ సలహా ఇవ్వకపోతే మెమో ఇస్తారు! సరే, ఇక అసలు ముగింపు చెప్పండి. 1934 దాకా కదలని అంకె ఆ తర్వాత ఎలా కదిలింది?

గోదారి డాక్టరమ్మ:
మందు వచ్చింది. జర్మనీలో గెర్‌హార్డ్ డోమాక్ 1935లో ప్రాంటోసిల్ అనే ఎర్ర రంగు పదార్థం స్ట్రెప్టోకాకస్ జబ్బుల్ని నయం చేస్తుందని ప్రకటించాడు. లండన్ క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రిలో బాలింత జ్వరం కేసులకు విడిగా ఒక బ్లాకు ఉండేది. అక్కడ లియొనార్డ్ కోల్‌బ్రూక్, అంటే నేను పైన చెప్పిన డోరా అన్నగారు, 1936లో ఆ మందు వాడాడు. మొదటి 64 మందిలో చనిపోయింది ముగ్గురే. అంతకుముందు అదే బ్లాకులో ఐదుగురిలో ఒకరు పోయేవాళ్ళు. మందు రంగుకి పేషెంట్ల మూత్రం ఎర్రగా వచ్చేదట. ఆ ఎరుపు చూసి ఏ నర్సూ హడలిపోయి ఉండదు, సంబరపడి ఉంటుంది.

లెక్కలమాస్టారు:
1936 నుంచి అంకె ఏటేటా దిగింది. 1939కి మూడు దగ్గరికి, 1950కి ఒకటి లోపుకి. మందుకి పెద్ద వాటా ఇవ్వాల్సిందే. ఆ సూక్ష్మజీవే అప్పటికి కాస్త బలహీనపడిందని వాదించేవాళ్ళూ ఉన్నారు. యుద్ధం వచ్చాక పెన్సిలిన్, రక్తమార్పిడి తోడయ్యాయి. క్లినిక్కుల వల్లే తగ్గిందని ఏ కౌన్సిల్ అయినా చెప్పుకుంటే మాత్రం తేదీలు చూపించండి. క్లినిక్కులు 1918 నుంచి ఉన్నాయి.

పాతకాగితం:
మాస్టారూ, స్థానిక సంస్థల్ని మరీ తీసిపారేయకండి. అదే 1936లో ఇంకో మిడ్‌వైవ్స్ చట్టం వచ్చింది. ఈసారి "ఇష్టముంటే" అనలేదు. ప్రతి ప్రాంతంలో పూర్తికాలం జీతం మీద మిడ్‌వైఫులు ఉండేలా చూడడం అధికారుల బాధ్యత అయింది. వయసు మీరినవాళ్ళకు, పని చాలించేవాళ్ళకు పరిహారం ఇచ్చి పంపారు. అప్పటిదాకా మిడ్‌వైఫ్ బతుకు కేసుకింత. కేసు వదులుకుంటే పొయ్యి వెలగదు. అందుకే ఒంట్లో బాగాలేకపోయినా, గొంతు నొప్పి ఉన్నా వెళ్ళేది. జీతం వచ్చాక ఇంట్లో ఉండిపోగలిగింది. డోరా కోల్‌బ్రూక్ చెప్పిన గొంతు సంగతి గుర్తుంటే ఇది చిన్న విషయం కాదు.

గోదారి డాక్టరమ్మ:
కాగితం గారూ, ఇది మంచి పాయింటు. మందు జ్వరం వచ్చాక పనిచేస్తుంది. జీతం జ్వరం రాకుండా పనిచేసింది.

సుబ్బలక్ష్మి గుంటూరు:
ఇంతసేపూ చావుల గురించే మాట్లాడారు. బతికినవాళ్ళు పడ్డ నొప్పుల సంగతి ఎవరూ పట్టించుకోలేదా అక్కడైనా?

వేల్స్‌వాణి:
పట్టించుకున్నారండీ, ఇది నా దగ్గరుంది. ప్రధాని స్టాన్లీ బాల్డ్విన్ భార్య లూసీ బాల్డ్విన్ దీనికోసం గట్టిగా పోరాడింది. ఇళ్ళలో కనే పేద తల్లులకు కూడా నొప్పి తెలియకుండా చేయాలని. 1933లో లివర్‌పూల్ డాక్టర్ మినిట్ ఒక గ్యాస్ మెషీన్ చేశాడు. పెట్టెలో పట్టుకెళ్ళొచ్చు, తల్లే మాస్క్ పట్టుకుని పీల్చుకోవచ్చు. 1936లో సెంట్రల్ మిడ్‌వైవ్స్ బోర్డు మిడ్‌వైఫులు వాడడానికి ఒప్పుకుంది. కాకపోతే ట్రైనింగ్ అయ్యుండాలి, పక్కన ఇంకో నర్సో మిడ్‌వైఫో కూడా ఉండాలి అని షరతు పెట్టింది.

గోదారి డాక్టరమ్మ:
అర్ధరాత్రి, కొండ మీద పల్లె, ఒక్కగానొక్క మిడ్‌వైఫ్. రెండో మనిషిని ఎక్కడినుంచి తెస్తుంది? అలాంటిచోట ఆ పెట్టెకి పనే ఉండదు. ఈ షరతు రాసినాయన ఎప్పుడూ కని ఉండడు.